కుక్కర్‌కి లొంగని నల్ల గింజ

ప్రశ్న: పిన్నిగారూ, నమస్తే. మాది ఒడిశాలో గుణుపురం. మా అమ్మాయి అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటోంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు రెండు ప్యాకెట్లు వైల్డ్ రైస్ తెచ్చింది. నాన్నకి షుగర్ కదా, రాత్రిపూట అన్నం బదులు ఇది పెట్టమని చెప్పి వెళ్లింది. మామూలు బియ్యంలాగే కడిగి, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసి మూడు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే నీళ్లు నీళ్లలాగే, గింజలు గింజల్లాగే ఉన్నాయి. మావారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా పక్కకి జరిపి చారన్నం కలుపుకున్నారు. పక్కింటి ఒడియా ఆవిడ ఇది మన కలాబాటీ బియ్యమే అంటోంది. మా ఇంట్లో పనిచేసే ఆమెది బిసంకటక్ వైపు పల్లె. ఇది చెరువుల్లో దానంతట అదే మొలిచే అడవి వరి అని ఆమె అంటోంది. ఇందులో ఏది నిజం? ఇంకోసారి వండమంటారా, ఆవుకి పెట్టెయ్యమంటారా? రెండో ప్యాకెట్ ఇంకా విప్పలేదు. దాన్ని మా చెరువులో చల్లితే మొలుస్తుందా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం: ఆవుకి పెట్టకండమ్మా. అది కూడా మీ మొహం చూస్తుంది.

మీవారు ఏమీ అనకుండా చారన్నం కలుపుకున్నారంటే మీరు అదృష్టవంతులే. మా ఇంట్లో అలా జరగలేదు. చాలా ఏళ్ల కిందట మా మరిది కెనడా నుంచి ఒక డబ్బా తెచ్చిచ్చాడు. పొడుగ్గా సన్నగా ఉన్నాయి కదా, బాస్మతికి నల్ల చెల్లెలేమో అనుకున్నాను. పోయి పోయి వరలక్ష్మీ వ్రతం నాడు పులిహోర కలిపాను. నూనె, చింతపండు పులుసు అడుక్కి దిగిపోయాయి. గింజలు మాత్రం పైన విడివిడిగా, పొడిపొడిగా, గుచ్చుకునేలా ఉన్నాయి. పోపులో వేసిన పల్లీలే నయం, నమిలితే నలిగాయి. మా అత్తగారు ఒక గింజ వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చూశారు. "ఏటే అమ్మా ఇది, బియ్యంలో ఎలక తిరిగినట్టుంది" అన్నారు. పేరంటానికి వచ్చిన వాళ్లందరికీ అది వినబడింది. రాయగడలో మా వీధిలో ఇప్పటికీ ఒకళ్లిద్దరు నన్ను చూస్తే ఆ మాటే గుర్తుచేసుకుని నవ్వుతారు.

అందుకే మీ ప్రశ్న రాగానే పక్కన పెట్టకుండా కూర్చున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: ఇంటికి ఊరికే వచ్చింది కాబట్టి తప్పకుండా వండండి. కానీ అన్నంగా వండకండి. కంచంలో వేసుకుని పప్పో చారో కలిపి ముద్ద చేసుకునే వస్తువు కాదది. ముద్ద అవ్వదు, సరిగ్గా ఉడికినా అవ్వదు. రైస్ అన్న పేరు చూసి మనం దాన్ని బియ్యపు డబ్బాలో పోస్తాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురు మూడు మాటలన్నారు. ముగ్గురివీ మూడు వేరువేరు గింజలు.

అమ్మాయి తెచ్చింది జిజానియా అనే నీటి గడ్డి గింజ. ఉత్తర అమెరికాలో, ముఖ్యంగా మిన్నెసోటా, విస్కాన్సిన్, పక్కనున్న కెనడా ప్రాంతాల్లో లోతు తక్కువ సరస్సుల్లో మొలుస్తుంది. మన వరికి దాయాది వరస, తోబుట్టువు కాదు. మిన్నెసోటా రాష్ట్రం 1977లో దీన్ని తమ రాష్ట్ర ధాన్యంగా ప్రకటించుకుంది. అంటే మీ అమ్మాయి ఏదో షాపులో కనబడింది కదాని తేలేదు, తానుండే ఊరి పంటే తెచ్చింది.

పక్కింటావిడ చెప్పిన కలాబాటీ అసలు సిసలు వరే. పైపొర నల్లగా ఊదాగా ఉంటుంది. ఉడికిస్తే నీళ్లు వంగపండు రంగుకి తిరుగుతాయి, అన్నం మెత్తగా అవుతుంది. దాన్ని నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లతో ఓపిగ్గా వండితే పప్పుతో కూడా తినొచ్చు. ఈ రెండింటికీ ఉన్న పోలికల్లా రంగు ఒక్కటే. ఇంకోటి కూడా చెప్తాను, చాలామంది దీన్ని కూడా కలిపేస్తారు. కొరాపుట్ కాళాజీరా ఉంది చూశారూ, 2024లో జీఐ (ఫలానా చోటి సరుకని ఇచ్చే) గుర్తింపు వచ్చింది, దానికి నలుపు పొట్టు వరకే. వడ్లు జీలకర్రలా నల్లగా ఉంటాయి, దంచితే లోపల తెల్లటి సువాసన బియ్యం. సంతలో ఎవరైనా నల్లటి బియ్యం చూపించి కాళాజీరా అంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

ఇక మీ ఇంట్లో పనిచేసే ఆమె చెప్పిన అడవి వరి. ముగ్గురిలో నాకు ఎక్కువ నచ్చిన మాట ఆమెదే. ప్యాకెట్ విషయంలో పొరబడింది, అంతే. మన చెరువుల ఒడ్డున, పల్లపు మడుల్లో వానాకాలంలో దానంతట అదే మొలిచే వరి నిజంగానే ఉంది. తెలుగులో నివ్వరి, సంస్కృతంలో నీవారం. గుళ్లో మంత్రపుష్పం చదివేటప్పుడు "నీవార శూకవత్తన్వీ" అని వింటాం కదా, ఆ శూకం అంటే ఈ గింజ కొసన ఉండే సన్నటి పొడుగాటి ముల్లు. శాస్త్రజ్ఞులు ఆ మొక్కకి పెట్టిన ఒరైజా నివారా అనే పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. రైతుకి ఇది శత్రువు. మడిలో మంచి వరితో కలిసి మొలుస్తుంది, వెన్ను పట్టేదాకా ఆనవాలు చిక్కదు, గింజ పండీ పండకముందే రాలిపోయి మళ్లీ ఏడాదికి తయారవుతుంది. పక్కన ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం హలషష్ఠి ఉపవాసం రోజున ఆడవాళ్లు దున్నిన నేలలో పండింది ఏదీ ముట్టరు. పసహర్ అని పిలిచే ఈ అడవి వరి బియ్యమే వండుకుంటారు. ఆ పండగ ముందు దాని ధర చూస్తే మామూలు బియ్యం సిగ్గుపడాలి.

ఆ కలుపు మొక్క చేసిన మేలు ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను, విసుక్కోకండి. 1970ల్లో ఆసియా దేశాల్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వరిని పొట్టిగా గడ్డిలా మార్చి ఎండబెట్టేసేది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 6 వేలకి పైగా రకాలు పరీక్షించి చూశారు. తట్టుకుని నిలబడింది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక్క నివ్వరి నమూనా. ఆ గుణం చొప్పించిన రకాల్లో 1976లో వచ్చిన ఐఆర్ 36 ఒకటి. అది తర్వాత ఎన్ని దేశాల్లో పండిందో చెప్పనక్కర్లేదు. ఆ గుణం ఇచ్చింది మాత్రం మనం పీకి గట్టు మీద పారేసే మొక్క.

మనం ఉండే చోటు కూడా అలాంటిదే. జయపురం చుట్టుపక్కల, అంటే పాత ఉమ్మడి కొరాపుట్ జిల్లా అంతా, మన రాయగడ, గుణుపురం కూడా కలిపి, వరి రకాలకి పుట్టినిల్లులాంటి ప్రాంతమని శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తింపు ప్రకటించారు. జయపురం దగ్గర పాత్రపుట్ గ్రామంలో కమలా పూజారి అనే ఆదివాసీ మహిళ వందకి పైగా దేశవాళీ వరి విత్తనాలు దాచి పంచింది. ఆమెకి 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆమె కన్నుమూసింది. ఇలాంటి చోట కూర్చుని మనం మినియాపోలిస్ బియ్యం గురించి మాట్లాడుకోవడం కొంచెం తమాషాగానే ఉంది.

అలాగని వచ్చినదాన్ని తక్కువ చెయ్యను. దాని కథ కూడా మనవాళ్ల కథలాగే ఉంటుంది. అక్కడి ఓజిబ్వే ఆదివాసులు దీన్ని మనూమిన్ అంటారు. నీళ్ల మీద ఆహారం మొలిచే చోటు దాకా వెళ్లి స్థిరపడండి అని వాళ్ల పెద్దలకి దైవవాక్కు వచ్చిందట. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఇద్దరు కలిసి చిన్న పడవలో గడ్డిలోకి వెళ్తారు. ఒకళ్లు పొడుగాటి గెడతో పడవ తోస్తారు. ఇంకొకళ్లు రెండు తేలికైన కర్రలు పట్టుకుని, ఒకదానితో వెన్నులు పడవ మీదకి వంచి, రెండో దానితో మెల్లగా తడతారు. పండింది పడవలో రాలుతుంది, కొంత నీళ్లలో పడి మర్నాటి ఏడాదికి విత్తనం అవుతుంది. తెచ్చిన గింజని ఎండబెట్టి, ఇనప మూకుళ్లలో వేయించి, గుంటలో పోసి మెత్తటి తోలు చెప్పులతో తొక్కి పొట్టు ఊడదీస్తారు. ఆ తర్వాత చెట్టు బెరడుతో చేసిన పళ్లాల్లో చెరుగుతారు. మన చేట లేదు, రోకలి లేదు, మిగతా అంతా తెలిసిన పనే.

మూకుట్లో వేయించడం అన్నాను కదా, అక్కడే రుచి పుడుతుంది. ఉడికిన గింజ నమిలితే వేయించిన బార్లీ, కాస్త డికాక్షన్, కాస్త పొగ వాసన కలిసి తగులుతాయి. కొందరికి గడ్డి వాసనలా ఉంటుంది. నాకు మొదటిసారి అలాగే అనిపించింది, మూడోసారికి నచ్చింది.

ఇప్పుడు వంట. ముందు గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. నిగనిగలాడే నలుపు, అన్నీ ఒకే సైజు ఉంటే అది మళ్లు కట్టి, యంత్రాలతో కోసిన సాగు పంట. పేరుకి వైల్డ్ గానీ బజారులో దొరికేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. 1950ల తర్వాత మిన్నెసోటాలో సాగు మొదలై, తర్వాత కాలిఫోర్నియాకి పాకింది. మిన్నెసోటాలో అమ్మే సాగు గింజకి ప్యాకెట్ మీద పాడీ గ్రోన్ అని వెయ్యాలని చట్టమే ఉంది, మీ ప్యాకెట్ తిప్పి చూడండి. ఇది గంట దాకా తీసుకుంటుంది. అలా కాకుండా గోధుమరంగు, బూడిదరంగు, లేత ఆకుపచ్చ కలగలిపి మచ్చమచ్చగా ఉంటే సరస్సులో కోసి కట్టెల మంట మీద వేయించినది. అది ఇరవై నిమిషాల నుంచి అరగంటలో ఉడుకుతుంది. ఈ తేడా తెలియక సరస్సు గింజని గంటసేపు ఉడికిస్తే జావ అవుతుంది. మీ మూడు విజిల్స్‌కి కదల్లేదంటే మీది సాగు గింజే అని నా అనుమానం.

రాత్రి ఒక గ్లాసు గింజలు రెండు మూడు నీళ్లు కడిగి నానబెట్టండి. ఒక్క గ్లాసే, ఎక్కువ వద్దు, ఉడికితే మూడు గ్లాసులు దాటుతుంది. పొద్దున ఆ నీళ్లు వంపేసి, మందపాటి గిన్నెలో నాలుగు గ్లాసుల ఎసరు పెట్టండి. అర చెంచా ఉప్పు వెయ్యండి. ఎసరు మరిగాక గింజలు పోసి, మంట బాగా తగ్గించి, మూత కొంచెం ఓరగా పెట్టండి. అత్తెసరు అస్సలు కుదరదు, ఎన్ని నీళ్లు తాగుతుందో గింజకే తెలియాలి. అందుకే నీళ్లు ఎక్కువ పోసి చివర వార్చడమే మంచిది. నలభై నిమిషాలయ్యాక గరిటెతో పైకి తీసి చూడండి. మొదట గింజకి పొడుగునా సన్నటి చీలిక కనబడుతుంది. కాసేపటికి ఆ చీలిక తెరుచుకుని, నల్ల పొర వెనక్కి చుట్టుకుంటుంది. లోపలి నుంచి బూడిదరంగు కలిసిన తెలుపు బయటికొస్తుంది. గిన్నెలో సగం పైగా గింజలు అలా విచ్చుకుంటే దించెయ్యండి. అన్నీ విచ్చుకునేదాకా ఆగితే మొదట విచ్చినవి చిదికిపోతాయి. కొరికితే పళ్లకి కొంచెం పలుకు తగలాలి. గారెలో మిరియం గింజలా కాదు, ఉడికిన పచ్చి పల్లీలా.

కుక్కరే కావాలంటే నానిన గింజకి మూడు గ్లాసుల నీళ్లు, మొదటి విజిల్ వచ్చాక మంట పూర్తిగా తగ్గించి ఇరవై నిమిషాలు, తర్వాత ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత ముట్టకండి. విజిల్స్ లెక్కపెట్టడం దీనికి పనికిరాదు. కుక్కర్ సగానికి మించి నింపకండి కూడా, పైకి పొంగి వెంట్‌లో ఇరుక్కుంటే అదో టెన్షన్.

వార్చిన నీళ్లు పారబొయ్యకండి. పాలు లేని టీ రంగులో ఉంటాయి. నేను చారులో మామూలు నీళ్లకి బదులు అవే పోస్తాను. చారు నల్లగా వస్తుంది, మొదట ఎవరికీ చెప్పకుండా పోసి చూడండి.

ఉడికింది చేతిలో ఉంది, ఇప్పుడేం చెయ్యాలి? నాకు నచ్చిన మొదటి పని దాల్మాలో కలపడం. మీ పక్కింటావిడకి చెబితే నవ్వుతుంది గానీ, కందిపప్పు, గుమ్మడికాయ, వంకాయ, పచ్చి బొప్పాయి కలిసి చిక్కగా ఉడికిన దాల్మాలో ఒక కప్పు ఈ గింజలు పడితే ఆ మెత్తదనం మధ్యలో పంటికి పని దొరుకుతుంది. పైన జీలకర్ర, ఎండుమిరపకాయలు వేయించి కొట్టిన పొడి చల్లండి. అన్నం లేకుండా అదొక్కటే గిన్నెడు తింటే రాత్రి భోజనం అయిపోతుంది. మీవారికి మొదట ఇలా పెట్టండి. కంచంలో నల్లగా కుప్ప పోస్తే మగవాళ్లు బెదిరిపోతారు.

రెండోది పుట్టగొడుగులు. వానలు పడగానే సంతకి వచ్చే పుట్టగొడుగులు దీనికి పుట్టుకతోనే జోడీ అనిపిస్తుంది, అక్కడ అమెరికాలో కూడా ఈ రెండూ కలిపి చిక్కటి సూప్ కాస్తారు. నేనైతే ఉల్లిపాయ, వెల్లుల్లి నేతిలో వేయించి, పుట్టగొడుగులు వేసి నీరు ఇగిరేదాకా ఉంచి, ఉడికిన గింజ, మిరియాల పొడి, ఉప్పు వేసి కలిపి దించేస్తాను. మసాలా వెయ్యకండి, పొగ వాసన పోతుంది. కానీ పుట్టగొడుగులు ఎవరి దగ్గర కొంటున్నారో చూసుకోండి. తెలిసిన మనిషి దగ్గర, తెలిసిన రకమే కొనాలి. ఈ ఒక్క విషయంలో కొత్త ప్రయోగాలు వద్దు.

మామూలు అన్నంతో కలిపి తినాలనిపిస్తే విడివిడిగా వండి, మూడు వంతుల అన్నానికి ఒక వంతు ఇది కలపండి. రెండూ ఒకే గిన్నెలో పోస్తే అన్నం జావయ్యేసరికి కూడా ఇది మొదటి చీలికలోనే ఉంటుంది. కొబ్బరన్నం, నిమ్మకాయ పులిహోర లాంటివాటిలో ఈ పాళ్లలో కలిస్తే చూడ్డానికి కూడా బాగుంటుంది. పూర్తిగా దీంతోనే పులిహోర అంటే నా కథ మళ్లీ చదవండి. బెల్లం పరమాన్నం ఒకసారి చేశాను. పాలల్లో గింజలు విడివిడిగా తేలాయి, మా మనవడికి నచ్చింది, నాకు అంతగా ఎక్కలేదు. దోశ పిండిలో నానబెట్టి రుబ్బడం దండగ, గింజకున్న ఒకే ఒక్క గొప్ప ఆ నమిలే గుణం, దాన్ని రుబ్బి చంపడమెందుకు?

పిల్లలు ఉంటే ఇంకో సరదా ఉంది. నానబెట్టని, పొడిగా ఉన్న గింజలు ఒక గుప్పెడు తీసి పెట్టుకోండి. మూకుట్లో వేలెడు లోతు నూనె బాగా కాగాక ఒక్క గింజ వేసి చూడండి. రెండు మూడు లెక్కపెట్టేలోగా అది పగిలి, తెల్లగా మెలిక తిరిగి పైకి తేలాలి. తేలకపోతే నూనె ఇంకా కాగాలి. తర్వాత చెంచా చెంచా చొప్పున వేసి, చిల్లుల గరిటెతో వెంటనే తీసెయ్యండి, ఒక్క క్షణం ఆగితే చేదు. మన వరి పేలాల్లా గుండ్రంగా ఉబ్బవు, సన్నగా, కరకరలాడేలా వస్తాయి. వేడి మీదే ఉప్పూ కారం చల్లి, ఉల్లిపాయ, వేయించిన పల్లీలు, నిమ్మరసం కలిపితే బజారు మరమరాల మిక్చర్ మానేస్తారు. అన్ని గింజలూ పేలవు, పేలనివి గట్టిగా ఉంటాయి, పెద్దవాళ్ల పళ్లు జాగ్రత్త.

ఉడికించింది మిగిలితే చల్లారబెట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నాలుగైదు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే ఒకసారి ఉడికించి, కప్పు కప్పు చొప్పున విడదీసి దాచుకుంటే రోజూ గంటసేపు గ్యాస్ తగలెయ్యక్కర్లేదు.

షుగర్ మాట. అమ్మాయి ప్రేమతో చెప్పింది, తప్పు కూడా చెప్పలేదు, కానీ కొంచెం ఎక్కువ ఆశ పెట్టింది. వంద గ్రాములు ఉడికిన వైల్డ్ రైస్‌లో 101 కేలరీలు, సుమారు 21 గ్రాముల పిండిపదార్థం, 4 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. తెల్లన్నంలో 130 కేలరీలు, 28 గ్రాముల పిండిపదార్థం, 2.7 గ్రాముల ప్రోటీన్. తేడా ఉంది, కానీ రాత్రికి రాత్రి షుగర్ దించేసేంత తేడా కాదు. నిజమైన లాభం ఎక్కడంటే, నమలాలి కాబట్టి మనిషి నెమ్మదిగా తింటాడు, కప్పున్నరకే దవడలు నొప్పెట్టి ఆపేస్తాడు. అదే చారన్నమైతే మూడు వడ్డనలు తెలియకుండా జారిపోతాయి. కాబట్టి కొలిచి పెట్టండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా తగ్గించకండి, తిండి మార్చినట్టు ఆయనకి ఒక మాట చెప్పండి, పది రోజులు తిన్న తర్వాత చెక్ చేయించుకోండి.

రెండు ప్యాకెట్లు అయ్యాక ఏం చెయ్యాలి అంటారా? కొని తినమని మాత్రం చెప్పను. ఆన్‌లైన్‌లో ఒక చిన్న ప్యాకెట్‌కి అడిగే డబ్బుతో మీకు సంతలో వారం బియ్యం వస్తాయి. మీవారి షుగర్ కోసమే అయితే చోడి (రాగి) అంబలి మీ వంటింట్లోనే ఉంది. చోళ్లలో వంద గ్రాములకి 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ఈ నల్ల గింజలో పీచు 6 గ్రాములు, కాల్షియం 21 మిల్లీగ్రాములే. ప్రోటీన్‌లో మాత్రం అదే గెలుస్తుంది, పొడి గింజ వంద గ్రాముల్లో సుమారు 15 గ్రాములు, చోళ్లలో దాంట్లో సగమే. చటికొన బుధవారం సంతకి మీకు వీలైతే ఒకసారి వెళ్లండి. నియమగిరి మీద నుంచి దిగే వాళ్ల గంపల్లో సామలు, కొర్రలు, చోళ్లు చూస్తే అమ్మాయికి తిరుగు పార్సిల్ ఏం కట్టాలో మీకే తోస్తుంది.

చెరువులో చల్లడం గురించి అడిగారు. మొలవదు. మీ ప్యాకెట్లోది వేయించిన గింజ, ప్రాణం ఎప్పుడో పోయింది. వేయించనిది తెచ్చినా లాభం లేదు. ఆ విత్తనం ఎండిపోతే చచ్చిపోతుంది, వాళ్లు నీళ్లలోనే దాస్తారు. అదీగాక కొన్ని నెలలు గడ్డకట్టే చలి నీళ్లలో నిద్రపోతే గానీ మొలకెత్తదు, వంశధార నీళ్లలో దానికి ఆ నిద్ర ఎక్కడ పడుతుంది? పడినా కూడా వద్దనే అంటాను. పరాయి నీటి గడ్డి తెచ్చి చెరువులో వదిలితే ఏమవుతుందో గుర్రపుడెక్క చూసిన ఊళ్లవాళ్లకి చెప్పనక్కర్లేదు.

రెండో ప్యాకెట్ విప్పకపోవడం మంచిదైంది. తడి తగలకుండా మూత బిగించిన డబ్బాలో పోసి ఉంచండి, ఏళ్ల తరబడి చెడదు. వచ్చే వానల్లో పుట్టగొడుగులు దిగినప్పుడు తీయండి. ఈలోగా నాకో పని చేసిపెట్టండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెని కూర్చోబెట్టి అడగండి: వాళ్ల ఊళ్లో అడవి వరిని ఏమంటారు, రాలిపోకముందే ఎలా పట్టుకుంటారు, వండితే ఏ రంగులో ఉంటుంది, ఎవరైనా ఇంకా తింటున్నారా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. దాన్ని వండే పద్ధతి నాకు తెలీదు, నేర్చుకోవాలని ఉంది.